తాగనివాడి అభిప్రాయం

నత్తలపాడు పురపాలక సంఘంలో గానుగ వీధి అని ఒకటుంది. గానుగలు పోయి రెండు తరాలైనా పేరు మాత్రం జిడ్డులా పట్టుకుని వదల్లేదు. ఆ వీధిలో మంచినీళ్ళ గొట్టం మురుగుకాలువ కడుపులోంచి వెళుతుంది. అలా ఎందుకు వేశారని అడిగితే, మేం గొట్టం వేసినప్పుడు కాలువ లేదని ఒక శాఖ, మేం కాలువ తవ్వినప్పుడు గొట్టం కనబడలేదని ఇంకో శాఖ దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతాయి. సరిగ్గా వరహాలమ్మ ఇంటి ముందు మలుపులో ఆ గొట్టం అతుకు వదిలింది. నీళ్ళు కట్టేసిన వేళలో కాలువలోది గొట్టంలోకి దూరుతుంది. తెల్లారి నీళ్ళు వదలగానే అదంతా మొదటి బిందెలోకి దిగుతుంది. గానుగ వీధివాళ్ళకి కోడికూత అక్కర్లేదు, ఆ వాసనకే మెలకువ వచ్చేస్తుంది. వానాకాలం వస్తే ఇంటికొకరు కడుపు పట్టుకుని కూర్చుంటారు. వీధి చివర మందుల షాపాయన మాత్రం ఏ వానాకాలానికావానాకాలం ఇంటి మీద ఇంకో గది లేపుతున్నాడు.

వరహాలమ్మది నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది అని ఆవిడ భర్త తాతారావు అంటూంటాడు, ఆవిడ వినేటంత దగ్గర్లో ఉన్నప్పుడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎవరేం చెప్పినా "రైట్ రైట్" అనెయ్యడం ఆయనకి ఉద్యోగంతో అంటుకుని పింఛనుతో కూడా పోని అలవాటు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, భవాని. భీమవరంలో కాపురం. తొలి కాన్పుకి పుట్టింటికి తీసుకురావాలి. మొన్న సీమంతానికి వెళ్ళినప్పుడు వియ్యపురాలు మెల్లిగా అడిగింది: "మీ ఊళ్ళో నీళ్ళెలా ఉంటాయండీ వదినగారూ? పసిబిడ్డతో పని కదా."

"కొబ్బరినీళ్ళేనండీ!" అనేసింది వరహాలమ్మ.

అన్నది గాని, ఆ రోజునుంచీ ఆవిడకి కంటి మీద కునుకు లేదు. కిందటి వానల్లో వెనకింటి పసిదానికి విరేచనాలు పట్టుకుని, సెలైను ఎక్కించడానికి నరం దొరక్క, ఆ తల్లి ఆసుపత్రి వరండాలో ఏడ్చిన ఏడుపు ఆవిడ ఇంకా మర్చిపోలేదు. ఆ పిల్ల బతికి బట్టకట్టింది. ప్రతిసారీ అలాగే అవుతుందని ఎవరు రాసిచ్చారు? వరహాలమ్మకి భయం వేసింది. ఆవిడకి భయం వేస్తే ఊరుకోదు, ఎవరో ఒకరి మీద పడుతుంది.

ఈసారి పురపాలక సంఘం ఫిట్టరు అబ్బులు మీద పడింది. అబ్బులుదీ గానుగ వీధే. వరసకి పిన్నిగారూ అని పిలుస్తాడు. మనిషి మంచివాడు, పెసరట్టు పెడితే ఇంకా మంచివాడు. మలుపులో గొయ్యి తవ్వాడు, అతుకు దాకా వెళ్ళాడు, రబ్బరు షీటు కోసి చేత్తో పట్టుకున్నాడు. అప్పుడు జేబులో ఫోను మోగింది.

"ఆయ్... ఆయ్... చిత్తమండి," అన్నాడు అబ్బులు. రబ్బరు ముక్క జేబులో పెట్టుకుని గోతిలోంచి పైకొచ్చాడు. "కుదర్దండి పిన్నిగారూ. పాలసీ వచ్చిందంటండి."

"ఏం పాలసీరా? ఎల్లైసీదా?"

"కాదండి. ఇకనుంచి ఆరోగ్యానికి సంబంధించిన ఏ పనైనా స్థానిక నివాసుల అభిప్రాయం తీసుకున్నాకే చెయ్యాలంటండి."

"తీసుకో. బాగుచెయ్యమని నా అభిప్రాయం. ఊఁ, దిగు."

అబ్బులు దిగలేదు. "అది ఫిర్యాదండి. అభిప్రాయానికి వేరే మనుషులుంటారంటండి," అని పలుగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. గొయ్యి మాత్రం అక్కడే ఉంది. మర్నాటికి అందులో కప్పలు కాపురం పెట్టాయి.

వరహాలమ్మ భర్తని ఆఫీసుకి తరిమింది. "అరిచి రండి. పని కాకుండా ఇంటికొచ్చారంటే చూడండి!"

తాతారావు పొద్దున్న వెళ్ళినవాడు పొద్దువాలి వచ్చాడు. భుజాల మీద జరీ శాలువా ఉంది, మీసానికి జీడిపప్పు పలుకు అంటుకుని ఉంది.

"అయిందా అండీ?"

"అయిందే! నన్ను స్థానిక నివాసిని చేశారు."

"మీరు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడేగా. వాళ్ళు కొత్తగా చేసేదేంటి?"

"అది ఉత్తినే ఉండడమే. ఇది విధాన రూపకల్పనలో ఉండడం." తాతారావు శాలువా మడత పెట్టకుండానే మంచం మీద కూర్చున్నాడు. "ఊరి ఆ చివర బల్లకట్టు పేట లేదూ, అక్కడి దోమల మీద నాకు అభిప్రాయం ఇచ్చే బాధ్యత పెట్టారు."

"మన గొట్టం సంగతో?"

"దాని మీద బల్లకట్టు పేటవాళ్ళు ఇస్తారు. మనకి మనం ఇచ్చుకోకూడదట. ఆరోగ్యాధికారిగారు ఎంత చక్కగా చెప్పారనుకున్నావ్! నేను రైట్ రైట్ అనేశాను."

వరహాలమ్మ మీసం మీది జీడిపప్పు వంకా, శాలువా వంకా చూసింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, శాలువా కప్పుకుని వస్తే పెళ్ళాం పట్టేస్తుంది. మర్నాడు తనే బయల్దేరింది.

నత్తలపాడు ఆరోగ్యాధికారి డాక్టర్ సదాశివమూర్తి చెడ్డవాడు కాడు. పూర్వం నాడి పట్టుకుని చూసి మందు రాసేవాడు. ఈమధ్య పట్నంలో ఏదో శిక్షణకి పంపారు. అక్కడ చల్లటి హాల్లో రంగురంగుల కాగితాల మీద తలో మాటా రాయించి గోడకి అంటించారట. ఆ గోడ చూసినప్పటినుంచీ ఆయనకి ప్రజలంటే గొప్ప గౌరవం ఏర్పడింది. ఎదురుగా వచ్చి నిలబడ్డ ప్రజల్ని చూస్తే మాత్రం కొంచెం ఇబ్బందిగా ఉండేది.

"కూర్చోండమ్మా. ప్రజలే ఈ కార్యాలయానికి ప్రాణం. ఏ విషయమై వచ్చారు?"

"గానుగ వీధి గొట్టం విషయమై బాబుగారూ. మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి..."

"ఒక్క క్షణం. సూటిగా అడుగుతాను. మీరు ఆ నీళ్ళు తాగుతున్నారా?"

"తాగక చస్తామా అండీ?"

"అదుగో, అక్కడే మీ నిష్పాక్షికత దెబ్బతింది." డాక్టరుగారు జాలిగా తల ఊపారు. "ఆ నీళ్ళ వల్ల మీకు లాభమో నష్టమో ఉంది. ఉన్నప్పుడు మీ మాటలో స్వార్థం తొంగిచూస్తుంది. క్షేత్రస్థాయి భాగస్వామ్యానికి స్వార్థం గొడ్డలిపెట్టు. జబ్బు పడ్డవాడు జబ్బు గురించి చెబితే అది బాధ. పడనివాడు చెబితే అది విధానం. ఇన్నాళ్ళూ మనం బాధలు వింటూ కూర్చుని విధానాన్ని నిర్లక్ష్యం చేశామమ్మా."

"నేను డబ్బానీళ్ళు కొనుక్కు తాగుతానండి. అప్పుడు నా మాట వింటారా?"

"పళ్ళు ఏ నీళ్ళతో తోముకుంటారు?"

"కుళాయి నీళ్ళతోనే."

"పుక్కిలించినా పక్షపాతమే," అన్నారు డాక్టరుగారు. "ఒంటికి తగిలితే అభ్యంతరం లేదు. నోట్లోకి పోకూడదు. మీ వీధి గురించి బల్లకట్టు పేట నివాసులు లోతుగా ఆలోచిస్తున్నారు. మీరు నిశ్చింతగా ఇంటికెళ్ళి ఫలితం కోసం వేచి ఉండండి."

ఫలితం కోసం వరహాలమ్మ ఆ అభిప్రాయాలు చెప్పే సదస్సుకే వెళ్ళి కూర్చుంది. పెళ్ళిళ్ళ హాలు అద్దెకి తీసుకున్నారు. జ్యోతి వెలిగించడం, పెద్దల్ని ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలవడం, పిలిచినవాళ్ళకి పూలగుత్తి, శాలువా అయ్యేసరికి మధ్యాహ్నమైంది. భోజనాలయ్యాక అభిప్రాయాలు మొదలయ్యాయి.

ముందు తాతారావు లేచాడు. బల్లకట్టు పేటలో ఇటుకల బట్టీవాళ్ళు మట్టి తవ్వి వదిలేసిన గోతుల్లో నీళ్ళు నిలిచి దోమలు పుడతాయని ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. తెలిసింది చెప్పడానికి శాలువా ఎందుకనుకున్నాడో ఏమో, ఆయన తన అనుభవంలోంచి మాట్లాడాడు.

"అయ్యా, నేను బస్సులో చూసింది చెబుతాను. ఎక్కేవాళ్ళు ముందు తలుపులోంచి ఎక్కి, దిగేవాళ్ళు వెనక తలుపులోంచి దిగితే బండిలో రద్దీ ఉండదు. వెనక తలుపు మూసేశామా, ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే ఉండిపోతారు. బల్లకట్టు పేట ఇళ్ళలో జరుగుతున్నదదే. దోమలు వీధి తలుపులోంచి ఎక్కుతున్నాయి. దిగడానికి దారి లేదు. పెరటి తలుపు తీసి పెడితే వాటంతటవే దిగిపోతాయి."

హాలు చప్పట్లతో మారుమోగింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో బల్లకట్టు పేటవాళ్ళు ఒక్కరూ లేరు. డాక్టరుగారికి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇదండీ స్థానిక విజ్ఞానం! ఏ పుస్తకంలో ఉందిది?" అన్నారు. నిజమే, ఏ పుస్తకంలోనూ లేదు.

తర్వాత బల్లకట్టు పేట తరఫున ఒకాయన లేచాడు. గానుగ వీధి కుళాయిల్లో మొదటి బిందె వాసన వస్తుందనీ, రెండో బిందెనుంచి ఫర్వాలేదనీ తాము విన్నామన్నాడు. కాబట్టి మొదటి బిందెని రద్దు చేసి, నీళ్ళు పట్టడం రెండో బిందెతోనే మొదలుపెట్టాలని తమ నిష్పాక్షికమైన అభిప్రాయమన్నాడు.

"మొదటిది పట్టకుండా రెండోదెలా వస్తుందయ్యా?" అని వరహాలమ్మ వెనకనుంచి అరిచింది.

"బాధితులు మాట్లాడరాదు," అన్నారు వేదిక మీదివాళ్ళు.

వారం తిరక్కుండా రెండూ అమల్లోకి వచ్చాయి. గానుగ వీధి గోడల మీద "మొదటి బిందె మానండి, రెండో బిందెతో మొదలుపెట్టండి" అని నీలి రంగుతో రాశారు. మర్నాడు తెల్లారి కుళాయి దగ్గర బిందెలు వరసలో ఉన్నాయి గాని ముందు పెట్టేవాళ్ళు లేరు. నాది రెండోదంటే నాది రెండోదని జుట్లు పట్టుకున్నారు. ఈలోగా నీళ్ళు కట్టేశారు. బల్లకట్టు పేటలో దీపాల వేళ ఇంటింటికీ తిరిగి పెరటి తలుపులు తీయించారు. పెరటివైపే గోతులున్నాయి. అంతవరకూ పెరటి దోమలు చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోంచి రావలసొచ్చేది. ఇప్పుడు వాటికి ఆ శ్రమ తప్పింది.

ఆ శనివారం సంతలో వంకాయలు ఏరుతుంటే ఒకామె వచ్చి వరహాలమ్మ బుట్టకి అడ్డంగా నిలబడింది. పేరు నూకాలు. బల్లకట్టు పేటలో నాలుగు గేదెలున్న ఇల్లాలు. చేతుల నిండా దోమకాట్లే.

"మా పెరటి తలుపులు తీయించింది మీ ఆయనేనంట కదా!"

"మా మొదటి బిందె ఎత్తేసింది మీవాళ్ళే కదా!"

"దోమలు దిగుతాయా? అవేమైనా టిక్కెట్టు కొనుక్కుని ఎక్కాయా?"

"మరి మొదటి ముద్ద మింగకుండా రెండో ముద్ద తింటారా మీ పేటలో?"

సంత సంతంతా గుమిగూడింది. వంకాయలమ్మే ముసలమ్మ బేరం పోతోందని ఇద్దరినీ కసిరింది. ఇద్దరికీ ఒకేసారి ఆయాసం వచ్చి ఆగారు. ఆగాక నూకాలు వరహాలమ్మ ముఖంలోకి చూసి, "ఏంటి వదినా, అలా పీక్కుపోయావు?" అంది. వరహాలమ్మ భవాని సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

"వెర్రిదానా," అంది నూకాలు. "ఇది శ్రావణ మాసం. నోముకి నువ్వు నాకు వాయనం ఇస్తే నేను నీకు ఇవ్వనా? అభిప్రాయం కూడా అలాగే ఇచ్చిపుచ్చుకుందాం. మగాళ్ళని కూర్చోబెట్టు. మాట మనం చెబుదాం."

రెండో సదస్సుకి ఇద్దరూ పసుపు రాసుకుని, శనగల పళ్ళాలు పట్టుకుని వచ్చారు. భర్తకి ఒంట్లో బాగాలేదని వరహాలమ్మ ఆయన స్థానంలో లేచింది. తాతారావు ఆరోగ్యంగానే ఉన్నాడు, కాకపోతే ఇంట్లో గడియ పెట్టి ఉంది.

"బల్లకట్టు పేట గోతులు పూడ్చండి. ఇదే గానుగ వీధి అభిప్రాయం," అంది వరహాలమ్మ.

"గానుగ వీధి గొట్టం మార్చండి. ఇదే బల్లకట్టు పేట అభిప్రాయం," అంది నూకాలు.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

హాల్లో ఆడవాళ్ళందరూ గొల్లుమని నవ్వారు. వేదిక మీద ఎవరూ నవ్వలేదు. పట్నంనుంచి వచ్చిన భాగస్వామ్య నిపుణుడు డాక్టరుగారి చెవిలో చాలాసేపు ఏదో చెప్పాడు. డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"ఏకాభిప్రాయం ఇంత త్వరగా రావడం ఆందోళనకరం. భాగస్వామ్యం అనేది ఒక ప్రక్రియ. ప్రక్రియ జరగకుండా పని జరిగిపోతే, రేపు ప్రజలు దేనిలో భాగస్వాములవుతారు? పైగా ఇందులో ఇచ్చిపుచ్చుకోవడం స్పష్టంగా కనబడుతోంది. కాబట్టి ఇకమీదట వీధుల మధ్య అభిప్రాయ మార్పిడి నిషేధం. ఏ వీధి గొట్టం గురించి ఆ వీధి నివాసే చెప్పాలి. అయితే, ఆ నివాసి ఆ గొట్టపు నీళ్ళు నోట పోసుకున్నవాడై ఉండరాదు."

"మా వీధిలో ఉంటూ మా నీళ్ళు తాగనివాడు ఎవడుంటాడండీ?" అంది వరహాలమ్మ.

"తగిన అభ్యర్థి దొరికే దాకా స్థానం ఖాళీగా ఉంటుంది," అన్నారు డాక్టరుగారు. తర్వాత శనగలు అందరూ తిన్నారు. నిపుణుడు రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

గానుగ వీధిలో తాగనివాడి కోసం గాలించారు. ఒకాయన సారా తప్ప ఏమీ తాగడని అతని పేరు ఇవ్వబోతే, అందులో కలుపుకునేది ఏ నీళ్ళని ఆఫీసువాళ్ళు అడిగారు. అతను నిజాయితీపరుడు, కుళాయివే అని ఒప్పుకున్నాడు.

ఇంతలో భవానికి నెలలు నిండాయి. వియ్యపురాలికి నిజం చెప్పే ధైర్యం లేక, కూతురు తన దగ్గర లేకుండా ఉండలేక, వరహాలమ్మ పిల్లని తెచ్చేసుకుంది. నూకాలు ఇంట్లో బోరింగు ఉంది. తాతారావు రోజూ సైకిలు మీద అక్కణ్ణుంచి క్యాన్లతో నీళ్ళు మోసుకొచ్చేవాడు. వరహాలమ్మ అవి మళ్ళీ మరగబెట్టి, వడగట్టి, కూతురికి గ్లాసు అందించేముందు ఓసారి వాసన చూసేది. సర్కారు ఆసుపత్రిలో కాన్పయింది. మగపిల్లాడు. ఇంటికి పంపేటప్పుడు నర్సు గట్టిగా చెప్పింది: "ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టొద్దు. తేనె వద్దు, ఏమీ వద్దు. ఇంట్లో పెద్దవాళ్ళకి చెబుతున్నాను."

పెద్దావిడ తల ఊపింది. ఊపిన తల మధ్యలో ఆగిపోయింది.

"ఏమన్నావమ్మా? చుక్క నీళ్ళు కూడానా?"

"చుక్క కూడా."

వరహాలమ్మ మనవణ్ణి గుండెకి హత్తుకుంది. "ఒరే నా తండ్రీ," అంది, "దొరికావురా!"

మూడో సదస్సుకి పెళ్ళిళ్ళ హాలు దొరకలేదు, ముహూర్తాల రోజులు. గానుగ వీధిలోనే, గొయ్యి పక్కన షామియానా వేశారు. వరహాలమ్మ మెత్తటి పాతచీరలో చుట్టిన బిడ్డతో ముందు వరసలో కూర్చుంది. వెనక భవాని, ఆ పక్కన నూకాలు. మీసం దువ్వుకుని తాతారావు కూడా వచ్చాడు, మాట్లాడనని ప్రమాణం చేసి.

"స్థానానికి అభ్యర్థి ఉన్నాడండీ," అంది వరహాలమ్మ. "ఉండేది గానుగ వీధి. ఇక్కడి నీళ్ళు ఇంతవరకూ నోట పోసుకోలేదు. సారా అలవాటు కూడా లేదు."

డాక్టరుగారూ నిపుణుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిపుణుడు లేచి బిడ్డ చుట్టూ ఓసారి తిరిగొచ్చాడు. "తల్లి తాగితే పరోక్ష ప్రభావం ఉంటుంది కదా?" అన్నాడు.

"తల్లి తాగేది మా బోరింగు నీళ్ళండి," అంది నూకాలు.

నిపుణుడి ముఖం వెలిగిపోయింది. స్వార్థం లేదు, పూర్వ అభిప్రాయం లేదు, పార్టీ లేదు, ఎవరికీ బంధువు... సరే, అది ఎలాగూ తప్పదు. తన ఇన్నేళ్ళ అనుభవంలో ఇంతటి ఆదర్శ నివాసిని చూడలేదని ప్రకటించాడు. బిడ్డకి శాలువా కప్పారు. అది బిడ్డకన్నా నాలుగింతలుండడంతో బిడ్డ కనబడకుండా పోయాడు. భవాని కంగారుగా తీసేసింది. పూలగుత్తి ఇవ్వబోతే నూకాలు పుచ్చుకుంది. ఆదర్శ నివాసి నిద్రపోతున్నాడు.

డాక్టరుగారు మైకు పుచ్చుకున్నారు. "గౌరవనీయులైన నివాసిగారూ, మీ వీధి గొట్టం మార్చవలసిన అవసరం ఉందని మీరు భావిస్తున్నారా?"

నివాసిగారు ఆవలించారు.

"అభిప్రాయం స్పష్టంగా లేదు," అన్నాడు నిపుణుడు. "తదుపరి సదస్సుకి..."

"ఆగండి," అంది వరహాలమ్మ. ఇంట్లోకి వెళ్ళి వెండి ఉగ్గుగిన్నె తెచ్చింది. భవాని పుట్టినప్పుడు కొన్నది. పొద్దున్న పట్టి ఉంచిన మొదటి బిందె నీళ్ళు ఆ గిన్నెలోకి వంచింది. గోడ మీద రద్దు చేసిన నీళ్ళే అవి. షామియానా కింద అందరికీ వాసన తెలిసింది. ఆవిడ గిన్నె తెచ్చి డాక్టరుగారి చేతిలో పెట్టింది.

"మాటలు రానివాణ్ణి మాటలడిగితే ఏం చెబుతాడండి? మీరే మీ చేత్తో రెండు చుక్కలు వాడి నోట్లో పొయ్యండి. బాగుంటే మింగుతాడు, లేకపోతే ఉమ్ముతాడు. వాడి అభిప్రాయం మీకు తెలిసిపోతుంది."

"అమ్మా!" అని భవాని లేవబోయింది. నూకాలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

డాక్టరుగారు గిన్నె పట్టుకుని నిలబడ్డారు. వేదిక దిగారు. బిడ్డ దగ్గరికి వచ్చారు. బిడ్డ అప్పుడే కళ్ళు తెరిచి, ఆయన కళ్ళద్దాల వంక చూసి నోరు సున్నాలా చుట్టాడు. ఆ వయసు పిల్లలు పెదాలకి ఏది తగిలినా చప్పరిస్తారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. శిక్షణకి వెళ్ళకముందు ఎంతమంది పిల్లలకి నరం దొరక్క తంటాలు పడ్డారో కూడా తెలుసు. ఆయన గిన్నె వెనక్కి తీసుకున్నారు. నీళ్ళు కొంచెం ఒలికాయి.

"వద్దమ్మా," అన్నారు చివరికి. "ఈ నీళ్ళు పసివాడికి పట్టకూడదు."

మైకు ఇంకా ఆయన రెండో చేతిలోనే ఉంది. ఆ మాట వీధి ఆ చివర మందుల షాపు దాకా వినిపించింది.

"ఎందుకు పట్టకూడదండీ?"

"జబ్బు చేస్తుందమ్మా. ప్రాణం మీదికొస్తుంది." అది సదస్సు గొంతు కాదు, పూర్వం నాడి పట్టుకున్నప్పటి గొంతు.

"మీరు ఈ నీళ్ళు తాగుతారా బాబుగారూ?"

"లేదు."

"అయితే మీకు స్వార్థం లేదు. అడ్డం వచ్చేదేమీ లేదు. ఆ మాటే రాయించండి."

నిపుణుడు ప్రక్రియ గురించి ఏదో మొదలుపెట్టాడు. డాక్టరుగారు ఆయనకి ఇంకో పూలగుత్తి ఇచ్చి కూర్చోబెట్టారు. "నివాసిగారు నోరు తెరిచారు. నేను చూశాను. మార్చమన్నారు," అని గుమాస్తాకి చెప్పి, "అబ్బులూ, దిగు," అన్నారు.

అబ్బులు గోతిలోకి దిగాడు. కప్పలు పైకొచ్చాయి. ఆ నెలలోనే గొట్టం కాలువలోంచి లేచి గట్టు మీదికి వచ్చింది. సదస్సులో శనగలు తిన్నవాళ్ళకి అవి అరిగేదాకా నూకాలు ఆఫీసు గుమ్మం వదలకపోవడంతో బల్లకట్టు పేట గోతులు కూడా పూడాయి. ఈ రెంటికీ కలిపి నత్తలపాడుకి భాగస్వామ్య పతకం వచ్చింది. పతకం అందుకున్నది నిపుణుడు.

మనవడికి ఆరు నెలలు నిండాయి. అన్నప్రాశనకి వియ్యపురాలు కూడా వచ్చి కుళాయి నీళ్ళు తాగి, "నిజంగా కొబ్బరినీళ్ళేనండీ!" అంది. వరహాలమ్మ ఇంకో గ్లాసు పోసింది. పిల్లాడి ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి పెట్టారు. వాడు వాటన్నిటినీ దాటి పాక్కుంటూ వెళ్ళి, భోజనానికొచ్చిన అబ్బులు పక్కన పెట్టుకున్న పైపు రెంచి పట్టుకున్నాడు. తాతారావు రైట్ రైట్ అన్నాడు.

అప్పుడు ఎండలో చెమటలు కక్కుతూ డాక్టరుగారు వచ్చారు. చేతిలో శాలువా ఉంది.

"ఇవాళ్టినుంచి బాబు నీళ్ళు తాగుతాడు కాబట్టి నివాసి హోదా పోతుందమ్మా. పదవీ విరమణ సన్మానం చెయ్యమని పైనుంచి ఉత్తర్వు," అన్నారు సిగ్గుపడుతూ. "స్థానం మళ్ళీ ఖాళీ. మీ వీధిలో కొత్తగా పెళ్ళయినవాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కోమన్నారు."

"ముందు కాస్త దాహం తీసుకోండి," అని వరహాలమ్మ పొద్దున్న పట్టిన కుళాయి నీళ్ళతో గ్లాసు నింపి ఇచ్చింది.

డాక్టరుగారు ఒక్క క్షణం గ్లాసులోకి చూశారు. తర్వాత ఎత్తి గటగటా చివరి చుక్క దాకా తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నారు.

"బాగున్నాయమ్మా నీళ్ళు. చాలా బాగున్నాయి."

వరహాలమ్మ ఖాళీ గ్లాసు అందుకుంది.

"తాగినవాళ్ళ మాటండీ అది," అంది. "లెక్కలోకి రాదు."